చిన్నమ్మ కొలువు, చిన్నాయన వంట

మఠంపల్లిలో ఇంటర్ అయ్యాక, డిగ్రీ చదువుకని నన్ను మిర్యాలగూడలో మా చిన్నమ్మ ఇంట్లో ఉంచారు. చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. వాళ్ళకు పిల్లలు లేరు. రెండు గదుల కిరాయి ఇల్లు. చిన్నాయన సర్కారు సహకార స్టోరులో బట్టల కౌంటరు చూసేవాడు. ఆ స్టోరంటే ఆయనకు ఎంతో గౌరవం.

"గీడ పటేలొచ్చినా పాలేరొచ్చినా ఒకటే లైను, ఒకటే ధర" అనేవాడు. సర్కారంటే ఆయన లెక్కలో ఆ లైనే.

తొంభైల మొదట్లో స్టోరుకు సరుకు రావడం తగ్గింది. తర్వాత అల్మారాలు ఖాళీ అయ్యాయి. చివరికి ఒకనాడు తలుపులు మూసేశారు. ఆ ఏడాదే సూర్యాపేట బట్టల వ్యాపారి ఒకాయన మిర్యాలగూడలో మూడంతస్తుల షోరూం తెరిచాడు. అద్దాల తలుపులు, లోపల చల్లగాలి, చీరలు కట్టుకుని నిలబడ్డ బొమ్మలు. ఊరంతా చూడ్డానికి వెళ్ళింది. చిన్నాయన మాత్రం పని అడగడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి అన్నం ముందు కూర్చుని చెప్పాడు.

"చీరలకాడ ఆడోళ్లే కావాల్నట. నీ పెండ్లాముంటే పంపు అన్నడు."

చిన్నమ్మ పకపకా నవ్వింది. "నేనా? నాకు చీర కట్టుడు తెలుసు గని, అమ్ముడెట్ల తెలుస్తది?"

"అది నేను నేర్పుత" అన్నాడు చిన్నాయన. ఆయన నవ్వలేదు.

ఆ వారమంతా సాయంత్రాలు మా ఇల్లే దుకాణం. చాప పరిచి, పెట్టెలోని చీరలన్నీ బయటికి తీసేవాళ్ళం. నేను గిరాకీని, చిన్నమ్మ అమ్మే మనిషి, చిన్నాయన గురువు.

"చీరను మొకం మీదికి ఇసరొద్దు. ముందుగాల ఎవరికి కావాల్నో అడుగు. పెండ్లిపిల్లకా, పెట్టుపోతలకా? మొదలు కొంగు సూపియ్యి."

నేను కావాలనే ప్రతి చీరకూ వంక పెట్టేదాన్ని. ఒకసారి చిన్నమ్మకు ఒళ్ళు మండి, "తీస్కుంటె తీస్కో, లేకుంటె పో!" అని అరిచింది.

"గా మాట మనసులనే ఉండాలె" అన్నాడు చిన్నాయన.

చిన్నమ్మ కొలువులో చేరింది. ఆ మర్నాటి నుంచి పొయ్యి చిన్నాయన చేతికొచ్చింది. మొదట్లో అన్నం మెత్తబడేది, చారు ఉప్పు కషాయమయ్యేది. మేము మజ్జిగ కలుపుకుని తినేవాళ్ళం. మూడు నెలలు తిరిగేసరికి ఆయన చింతచిగురు పప్పు వండితే పక్కింటి వాళ్ళు గిన్నె పట్టుకుని వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం సైకిల్ హ్యాండిల్‌కు క్యారేజి తగిలించుకుని షోరూంకు వెళ్ళేవాడు.

"ఏం బావా, పెండ్లాం కొలువు జేస్తుంటె నువ్వు క్యారేజి మోస్తున్నవా?" అని దారిలో ఛాయ్ హోటల్ దగ్గర ఒకడు వెక్కిరించాడు.

"స్టోరుల ఉన్నన్ని రోజులు నాకు ఆమె మోసింది. అప్పుడు నువ్వేం అడగలేదు గదా" అని చెప్పి ఆయన సైకిల్ ఆపకుండా వెళ్ళిపోయాడు. కాలేజీలో మా సోషియాలజీ పుస్తకం భర్త సంపాదిస్తాడనీ, భార్య ఇల్లు చూస్తుందనీ చెప్పేది. అది చదువుతున్నప్పుడల్లా పక్కగదిలో పోపు వేస్తున్న చిన్నాయన దగ్గు వినపడేది.

ఒకసారి రేషన్ కార్డుల కోసం సర్వే గుమాస్తా వచ్చాడు. ఇంటి యజమాని ఏం పని చేస్తాడని అడిగాడు.

"ఇంటిపని" అన్నాడు చిన్నాయన.

"మగాయనకు ఇంటిపని అని రాస్తే ఆఫీసుల నవ్వుతరు సార్. నిరుద్యోగి అని రాస్త."

"పొద్దుగాల లేచినకాంచి కూసున్నది లేదు. నిరుద్యోగి ఎట్లయిత?"

గుమాస్తా మళ్ళీ కలం తీశాడు. చివరికి చిన్నాయన చెప్పినట్టే రాసి, ఆయన పెట్టిన ఛాయ్ తాగి, బాగుందని మెచ్చుకుని వెళ్ళాడు.

షోరూంలో ఒక్కటే బాధ. పొద్దంతా నిలబడాలి. రాత్రికి చిన్నమ్మ పాదాలు ఉబ్బేవి. చిన్నాయన వేడినీళ్ళలో ఉప్పు వేసి తెచ్చి ముందు పెట్టేవాడు. సర్కారు మీద నమ్మకంతో, అమ్మేవాళ్ళకు కూర్చునే వీలు ఇప్పించమని కార్మిక శాఖ ఆఫీసుకు కూడా వెళ్ళొచ్చాడు. ఆఫీసరు మర్యాదగానే విని, చూద్దామన్నాడు. అంతటితో సరి.

పెండ్లిళ్ళ రోజుల్లో ఒకనాడు చిన్నాయనకు జ్వరమొస్తే క్యారేజి నేను తీసుకెళ్ళాను. అప్పుడే ఒక తండా నుంచి పెండ్లి బట్టలకని పదిమంది దాకా వచ్చారు. వాళ్ళలో పెద్దావిడ అటూ ఇటూ చూసి, నున్నటి గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"నిలబడి పెండ్లి బట్టలు కొనుడేంది బిడ్డా? కూసో" అంది.

చిన్నమ్మ ఒక దుప్పటి పరిచి ఆవిడ ఎదురుగా కూర్చుంది. చీరలు దించుకుని ఒక్కొక్క కొంగూ విప్పసాగింది. సూపర్‌వైజర్ పరుగున వచ్చాడు.

"లేవమ్మా! ఇది షోరూం, సంత కాదు."

"పెద్దమనిషి కింద కూసుంటె, నేను నెత్తిమీద నిలబడి సూపియ్యాల్నా సార్?"

పెద్దావిడ తనవాళ్ళతో తమ భాషలో ఏదో అంది. అందరూ వరుసగా కూర్చున్నారు. "ఈ పిల్ల సూపిస్తనే కొంటం" అని తేల్చి చెప్పింది. పెండ్లికి కావలసిన బట్టలన్నీ అక్కడే తీసుకుని లేచారు.

సాయంత్రం షోరూం యజమాని చిన్నమ్మను పిలిపించాడు. కొలువు ఖతమేననుకుంటూ వెళ్ళిందట.

"కింద పరిస్తే చీరలు నలగవా?" అని మాత్రమే అడిగాడాయన.

"నలగవు సార్. నేను మా ఇంట్ల చాప మీదనే నేర్చుకున్న."

మరుసటి వారం మొదటి అంతస్తులో సగం మేర పరుపులు వేసి తెల్ల దుప్పట్లు పరిచారు. కొనేవాళ్ళూ కూర్చున్నారు, అమ్మే ఆడవాళ్ళూ కూర్చున్నారు. ఆ రాత్రి చిన్నమ్మ ఇంట్లో కాళ్ళు చాపుకుని, తనలో తనే నవ్వుకోవడం నేను చూశాను. అంత పెద్ద దుకాణం ఆమె మాట విన్నదంటే నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

తర్వాత కోదాడలో ఇంకో షోరూం తెరుస్తూ, కొత్త అమ్మాయిలకు పని నేర్పమని యజమాని ఆమెనే అడిగాడు. "నాకు నేర్పిన మనిషి ఇంట్ల ఉన్నడు సార్. ఇద్దరం వస్తం" అంది చిన్నమ్మ. కొన్ని వారాలు ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కేవాళ్ళు. ఇంట్లో వంట నాది. ఒక ఆదివారం నేనూ వెళ్ళాను.

"బాబాయిగారూ, ఎంత చూపించినా కొనకుండా లేచిపోతే ఏం చేయాలండీ?" అని ఒక కోదాడ అమ్మాయి అడుగుతోంది.

"నవ్వుకుంట మడత పెట్టాలె బిడ్డా. ఇయ్యాల పోయినోళ్లు రేపొస్తరు" అన్నాడు చిన్నాయన. స్టోరు మూతపడ్డాక ఆయన ముఖంలో అంత వెలుగు అప్పుడే చూశాను.

ఆ పని అయ్యాక మిర్యాలగూడ షోరూంలో, ఆడవాళ్ళే కావాలన్న ఆ చీరల దగ్గరే ఆయనకూ కొలువిచ్చారు. వంట పొద్దున ఆయన, రాత్రి ఆమె చేసేట్టు మాట్లాడుకున్నారు. అప్పటికి చీరల సెక్షన్‌కు చిన్నమ్మే పెద్ద, చిన్నాయన ఆమె కింద. అందరూ పిలిచినట్టే ఆయన కూడా "మేడం" అని పిలిచాడట. చిన్నమ్మకు సిగ్గు ముంచుకొచ్చి, గిరాకీ ఎదురుగా ఉండగానే అల్మారా వైపు తిరిగి నిలబడిందట.