రెండు వేళ్ల బిగువు

కొత్త ఎలాస్టిక్ చుట్ట విప్పగానే వచ్చే రబ్బరు వాసన నాకు ఇప్పటికీ పడదు. మొన్న నా కుట్టు దుకాణానికి వచ్చిన సరుకు విప్పుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. కత్తెర పక్కన పెట్టి కాసేపు వాకిట్లో నిలబడ్డాను. ఆ వాసన వస్తే చాలు, జుబేదా ఆపా స్టూలు మీద కదలకుండా కూర్చుని కనిపిస్తుంది.

తొంభైలలో మహబూబ్‌నగర్‌లో ఆపాకు జాకెట్లు కుట్టే దుకాణం ఉండేది. కోస్గి నుంచి పని నేర్చుకోవడానికి వచ్చిన నన్ను ఇంటిమనిషిలా చూసుకుంది. కుట్టు వంకరపోతే "మీ కోస్గిల సీదా గీతలే ఉండవా పద్మా?" అని వెక్కిరించి మొత్తం విప్పించేది. కొలతల దగ్గర మాత్రం వేళాకోళం ఉండేది కాదు. టేపు మీది అంకె పైకి చదవకూడదు. ఆమె వేలితో చూపిస్తే నేను రాసుకోవాలి. మొదటి రోజు ఒకావిడ నడుము కొలత గట్టిగా చదివినందుకు నెత్తిన మొట్టికాయ పడింది. "ఆడిమనిషి ఒంటి సంగతి గీ గడప దాటొద్దు. నోరు కుట్టుకో" అంది. నేను నిజంగానే కుట్టుకున్నాను.

మూడు కాన్పుల తర్వాత ఆపాకు పొట్ట వచ్చింది. మాకెవరికీ అది లోపంగా కనిపించలేదు గానీ, ఆమె అద్దం ముందు నిలబడటం మానేసింది. ఒకరోజు పేపర్లో వచ్చిన ప్రకటన నా ముందు పరిచింది.

"గీ కొవ్వును మిషన్‌తోని గుంజేస్తరట. హైదరాబాద్‌ల."

"మంచిగనే ఉన్నరు కద ఆపా, ఎందుకు?"

"అందరి నడుములకు సక్కగ కుడ్త. నా నడుం నాకే చూడబుద్ధయితలేదు." నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మా ఆయనకు చెల్లె ఇంటికి పోతున్నని చెప్పిన. నువ్వు ఎవ్వరికీ చెప్పకు. ఒట్టెయ్యి."

వేశాను.

హైదరాబాద్ వెళ్లి ఆపరేషన్ చేయించుకుని మర్నాడే తిరిగి వచ్చింది, పొట్ట చుట్టూ బిగుతైన ఎలాస్టిక్ బెల్టుతో. మాటిమాటికీ లేచి నడవమని డాక్టరు చెప్పాడట. నడిస్తే నొప్పికి అడుగు తడబడుతుంది, చూసినవాళ్లు ఇంట్లో చెబుతారు. అందుకని పొద్దంతా స్టూలు మీదే కూర్చునేది. నాలుగో రోజుకు వాపు తగ్గి బెల్టు వదులైంది.

"పక్కలకు రెండు వేళ్లు లోపలికి పట్టు పద్మా. ఎంత బిగుతుంటె అంత మంచి షేపొస్తది."

జాకెట్ బిగువు తప్ప మరో బిగువు తెలియని వాళ్లం. డాక్టరును అడగాలన్న ఊహే మా ఇద్దరికీ తట్టలేదు. ఊడిపోకుండా రెండు వరసలు కుట్టి ఇచ్చాను. కుట్టు నీటుగా వచ్చిందని ఆపా మెచ్చుకుంది కూడా.

మర్నాడు పిక్క గుంజుతోందంది. కూర్చుని కూర్చుని పట్టేసిందిలే అనుకున్నాం. ఆ మరుసటి మధ్యాహ్నం లేవబోయి, ఛాతీ పట్టుకుని కూలబడింది. "ఊపిరి ఆడ్తలేదు" అంది. పెదాలు నల్లబడ్డాయి. తెర చాటుకు తీసుకెళ్లి నా కుట్టును నేనే కత్తిరించాను. బెల్టు కింద చర్మం మీద నల్లటి గాట్లు పడి ఉన్నాయి. ఒక కాలు వాచి రెండోదానికి రెట్టింపైంది. చచ్చేంత భయమేసింది. బెల్టును సంచిలో కుక్కి, ఆపా భర్త ఖాజా భాయ్‌ను పిలుచుకొచ్చి, ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం.

"ఈ మధ్య ఏమన్న ఆపరేషన్ అయిందా?" అని డాక్టరు అడిగాడు.

"ఏం లేదు సాబ్" అన్నాడు ఖాజా భాయ్.

ఆపా నావైపు చూసి వద్దన్నట్టు తల ఊపింది. నేను నేలచూపులు చూశాను. చెబితే ఆమె కాపురం ఏమవుతుందో తెలియదు. పైగా ఆ బెల్టు బిగించింది నేనే. గుండెపోటేమోనని వాళ్లు ఒక్కొక్క పరీక్షే చేస్తుంటే ఒక గంట గడిచింది. ఆపా పిలిచినా పలకని స్థితికి వచ్చాక, సంచిలోంచి బెల్టు తీసి డాక్టరు చేతిలో పెట్టి, ఆపరేషన్ సంగతి చెప్పాను.

"గిది మొదలే చెప్పాలె కదమ్మా!" అని ఆయన అరిచాడు. కాలిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరినట్టుందని, వెంటనే హైదరాబాద్ తీసుకెళ్లాలని చెప్పాడు. ఖాజా భాయ్ నన్ను తిట్టలేదు. నా మొహం మాత్రం చూడలేదు.

ఆపా బతికింది. నెలరోజుల తర్వాత దుకాణానికి వస్తే నాలుగు మెట్లెక్కడానికి మూడుసార్లు ఆగింది. పొట్ట మీద గుంటలు పడ్డాయి, కొంత మేర స్పర్శే లేదు. నేను కాళ్ల మీద పడి ఏడ్చాను.

"బెల్టుకే అయిందని ఎవరు చెప్పిండ్రు? బిగియ్యకున్నా అయితదంట గట్ల. కూసున్నందుకు అయిందో, దేనికయిందో" అంది. మళ్లీ తనే, "నువ్వు చెప్పినందుకే బతికిన. కానీ గంటసేపు ఎందుకు ఆగినవే?" అని అడిగింది.

"మీరే కద ఆపా నేర్పింది, ఒంటి సంగతి గడప దాటొద్దని."

ఆపా నా తల నిమిరి, "గది తప్పు నేర్పిన బిడ్డా" అంది. అంతటి పనిమంతురాలు నా ముందు తప్పు ఒప్పుకోవడం అదొక్కసారే.

నా కుట్టు వల్లే అయిందా కాదా అన్నది ఈ రోజుకీ నాకు తెలియదు. నా దగ్గరకూ పెళ్లికూతుళ్లు వస్తారు. సన్నబడే సూదులని, ఆపరేషన్లని చెవిలో చెబుతారు. కొలతలు నేనూ పైకి చదవను. కానీ ఎవరైనా నా చెయ్యి పట్టుకుని "ఎవ్వరికీ చెప్పకు ఆంటీ" అంటే ముందు ఆ చెయ్యి విడిపించుకుంటాను. తర్వాతే వింటాను.