ఫుట్ వాల్వు పాఠం

ఫిబ్రవరి మొదటి సోమవారం, ఉదయం ఆరుంబావుకి నల్లపాడు చేరాను. పొగమంచు. భుజాన సైన్యం ఇచ్చిన పాత సంచి. అందులో రెండు జతల బట్టలు, స్టెతస్కోపు, బీపీ మిషను. మిలిటరీ ఆస్పత్రుల్లో, మంచు పోస్టుల్లో పదిహేడేళ్ళు నర్సింగ్ అసిస్టెంటుగా చేసి హవల్దారుగా రిటైరయ్యాను. ఇదీ ఒక పోస్టింగే అనుకున్నాను. తూటాలు లేని చోట అదేం డ్యూటీ అని మీరు నవ్వుతారు. వినండి.

ఆర్డరు నన్ను పనిలో పెట్టుకున్న గుండె ఆస్పత్రి డాక్టరమ్మ ఇచ్చింది. గుండె వాల్వు జబ్బున్నవాళ్ళకీ, వాల్వు మార్పించుకున్నవాళ్ళకీ ఊరూరా తిరిగి జాగ్రత్తలు చెప్పాలి. మూడు నెలలు. ఒక వ్యాను, డ్రైవరు, నేను. ఏడింటికల్లా ఊళ్ళో ఉండాలి. తొమ్మిది దాటితే జనమంతా మిరప కోతల్లో ఉంటారు. కల్లాల పక్కన వ్యాను ఆపితే ఘాటుకి మాకు దగ్గు ఆగేది కాదు.

మొదటి వారం ఎవరూ వినలేదు. కర్ణిక, జఠరిక అని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెబితే ఆవలించారు. నాకు ఒళ్ళు మండింది. గుంటూరు వెళ్ళి ఆయిల్ ఇంజనుకి వాడే ఫుట్ వాల్వు ఒకటి కొన్నాను. కాలవలో ముంచే పైపు చివర బిగిస్తారు. తోడిన నీళ్ళు వెనక్కి జారకుండా ఆపుతుంది. మర్నాడు దాన్ని ఎత్తి చూపించి, మీ గుండెలోనూ ఇలాంటిదే ఉంది, అది పాడైతే ఇంజను ఎంత కొట్టుకున్నా నీళ్ళు రావు అన్నాను. జనం సర్దుకుని కూర్చున్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ప్రకాశం జిల్లా ఊరొకదాంట్లో కోటమ్మ లేచి నిలబడింది. ముప్పై నాలుగేళ్ళ మనిషి, కోతల కూలీ. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం ఆమె వాల్వుని పాడుచేసింది. ఏడాది కిందట లోహపు వాల్వు వేశారు.

"కొత్త వాల్వు ఏశాక ఇంక ఇంజనుకి బెంగ లేనట్టేగా సార్?"

"బెంగెందుకమ్మా? కొత్త ఇంజనే."

అందరూ నవ్వారు. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్ర జీవితాంతం మానకూడదని ఆ నవ్వుల్లోనే చెప్పాను. చెప్పాననే గుర్తు. అప్పటికే జనం కోతలకి లేస్తున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు.

ఏప్రిల్ రెండో వారం, ఉదయం పది గంటలకు డాక్టరమ్మ ఫోను.

"కోటమ్మకి పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట లేదు. మాత్రలు మానేసిందట. ఎందుకు మానేసిందో కనుక్కోండి."

కనుక్కున్నాను. ఆస్పత్రి వరండాలో ఆమె భర్త ఏడుకొండలు నింపాదిగా చెప్పాడు. గొంతులో కోపం కూడా లేదు.

"మీరేగా సార్ కొత్త ఇంజనని చెప్పింది. మా ఇంజనుకి ఫుట్ వాల్వు మార్చినాక మళ్ళీ దాని జోలికే పోలేదు మేం. వాల్వు బాగానే ఉందిగా, ఇంక మాత్రలెందుకంది. నేనూ సరేనన్నా."

కాలవ నీళ్ళు గడ్డకట్టవు. రక్తం కడుతుంది. లోహపు వాల్వు మీద కట్టిన గడ్డ ఊడి మెదడుకి పోయింది. చెప్పాల్సిన అసలు ముక్క అదే. నవ్వుల మోజులో దాన్ని చివరికి నెట్టేశాను.

వైర్‌లెస్‌లో ఆర్డరు అందుకున్నవాడు దాన్ని తిరిగి చెప్పాలి. అప్పుడే అది అందినట్టు లెక్క. పదిహేడేళ్ళు నేనలా తిరిగి చెప్పాను, నా కింది వాళ్ళతో చెప్పించాను. ఏం అర్థమైందో నువ్వు చెప్పమ్మా అని కోటమ్మని మాత్రం అడగలేదు. కూలి మనిషి, తలూపితే చాలనుకున్నాను. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మిగిలిన రోజుల్లో ప్రతి ఒక్కరితో తిరిగి చెప్పించాను. డాక్టరమ్మ మెచ్చుకుంది. ఆ మెప్పు నాకు చేదు.

నెలాఖరున డ్యూటీ ముగించి మా కొత్తపట్నం వెళ్ళేముందు ఆ ఊళ్ళో దిగాను. మధ్యాహ్నం మూడు. ఎండ మాడ్చేస్తోంది. కోటమ్మని గోడకి ఆనించి మంచం మీద కూర్చోబెట్టారు. తప్పు నాదని చెప్పడానికి వెళ్ళినవాణ్ణి గుమ్మంలోనే ఆగిపోయాను. నన్ను గుర్తుపట్టింది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని పైకెత్తింది. అది జారి ఒళ్ళో పడింది. మళ్ళీ ఎత్తింది. రెండు చేతులూ ఎలాగో కలిపి నాకు దండం పెట్టింది.