తినేటోళ్ల ముందు ఏం పాడాలె

“వదినె, నీకు దండం పెడ్త. గా బంతి పాట మాత్రం ఎత్తకు. అన్నం తినేటోళ్లను తిడ్తరా ఎవరన్న?”

“తినేటోళ్లను కాక పస్తున్నోళ్లను తిడ్తరా? నువ్వు డోలక్ కొట్టు.”

నాకూ మా మరిదికీ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. ఆ తరవాత ఆయన డోలక్ కొట్టాడు, నేను పాడాను, ఇద్దరం ఒకే ఆటోలో ఇంటికొచ్చాం. మాట మాత్రం లేదు. ఇవాళ్టికీ లేదు. వీధిలో ఎదురుపడితే నన్ను వదిలేసి కరెంటు స్తంభాన్ని చూస్తూ పోతాడు.

నాకు రాయడం రాదు. సంతకం వచ్చు, అదీ తలకట్లు మరిచిపోతుంటాను. నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది ఆ మరిది కూతురే. వచ్చే నెల దాని పెళ్లి. నేను చెప్పింది చెప్పినట్టు రాయమంటే, “మనుషులు మాట్లాడింది గట్లనే రాస్త పెద్దమ్మా, మిగిలింది పుస్తకంల ఉన్నట్టు రాస్త” అంది. చదువుకున్న పిల్ల, దాని ఇష్టం.

ముందు నా గొంతు సంగతి చెప్పాలి. మాది ఇబ్రహీంపట్నం. చెరువు చేపలు గంపకెత్తుకుని ఆదిభట్ల వైపు కొత్త కాలనీల్లో అమ్ముతాను. మూడో అంతస్తులో తలుపులన్నీ మూసుకుని ఏసీలో పడుకున్నవాళ్లకు వినబడేలా అరిచి అరిచి నా గొంతు బండ మీద గంప ఈడ్చినట్టయింది. నా మొగుడు బతికున్నప్పుడు అనేవాడు, “నువ్వు నా చెవుల గుసగుస పెట్టినా పక్కింటోళ్లు అవ్ అంటరు” అని.

ఆ కాలనీలో ఒక మేడం ఉంది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ పొద్దున్నే కంపెనీ బస్సెక్కి పోయేవాళ్లే. సెలవు రోజున కొర్రమీను కావాలని నన్ను ఆపుతుంది. ఒకసారి వాళ్ల గేటు ముందు కూర్చుని చేప తోముతూ ఏదో పాట పాడుకుంటున్నాను. ఆమె ముక్కలకు తెచ్చిన డబ్బా చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.

“అమ్మా, వచ్చే శనివారం మా ఆఫీసువాళ్లను భోజనానికి పిలిచాం. మీరొచ్చి పాడతారా? పక్కన ఇంకొకరు వాయిస్తే చాలు. మైకులు, బాక్సులు ఏమీ వద్దు. ఇద్దరే మామూలుగా కూర్చుని పాడాలి. దాన్ని అకూస్టిక్ డ్యూయో అంటారు.”

మైకు లేకుండా పాడడానికి ఒక పేరు కూడా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

“పాడ్త బిడ్డా. మా మరిది డోలక్ కొడ్తడు” అన్నాను. మరిదిని అడిగింది లేదు, పెట్టింది లేదు.

మా మరిది భజన మండలికి పెద్ద. హయత్‌నగర్‌లో కొన్న డోలక్‌ను కళ్లలో పెట్టుకుని చూస్తాడు. వాన వస్తే ముందు డోలక్‌ను లోపల పెట్టి, తరవాత పెళ్లాన్ని పిలుస్తాడు. అబద్ధమైతే రాస్తున్న పిల్లే కొట్టేసేది. కొట్టెయ్యలేదు.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని పాటలు ఏరడం మొదలుపెట్టాం.

“ముందుగాల నాది. ఈ ఒళ్లు పగిలిపొయ్యే కుండ అని ఒక తత్వమున్నది గదా, గది పాడ్త” అన్నాడు.

“గది మొన్న మేస్త్రి తండ్రి పోయినప్పుడు పాడినవ్.”

“అవ్. మస్తు పాడిన.”

“శవం పక్కన పాడినవ్.”

“గట్లయితే యముడు తలుపు తట్టేది పాడ్త.”

“గది ఏడ పాడినవ్?”

డోలక్ మీద వేళ్లతో రెండు దెబ్బలు వేశాడు. “కిరాణం ముసలామె పోయినప్పుడు.”

“ఇంకోటి చెప్పు.”

“ఇంకోటి అన్న...” అని ఆగిపోయాడు. అన్న అంటే నా మొగుడు. మరిది డోలక్ మీది దుమ్ము తువ్వాలుతో తుడిచాడు.

మళ్లీ నేనే అందుకున్నాను. “నీకొచ్చిన పాటలల్ల మనిషి పానంతోని ఉన్న పాట ఒక్కటన్న ఉన్నదా?”

“భజన పాట సచ్చినోళ్లకు గాదు వదినె. బతికున్నోళ్లకు బుద్ధి చెప్పేటందుకు.”

“బిర్యానీ తినేటప్పుడు బుద్ధి అరగదు.”

“సరే, నీ పాటలేందో తియ్యి మరి.”

నావి నాటు పాటలు. మడిలో వరినారు నాటుతూ పాడేవి. అరుగు మీద కూర్చుని ఎత్తుకుంటే మొదటి మాట కూడా నోటికి రాలేదు. లేచి నిలబడి, నడుం వంచి, చేత్తో గాలిలోకి నారు గుచ్చాను. అప్పుడొచ్చింది. కానీ నాటేవాళ్లు ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ పోతారు కదా, పాట సగంలో ఉండగానే నా వీపు నీళ్ల తొట్టికి తగిలింది.

మరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. “పాట ఒడిసేటప్పటికి మనం మేడం ఇంట్ల ఉండం వదినె, రోడ్డు మీద ఉంటం. గా సార్లకు నీ మొఖం కూడ కనబడది.”

“జోలపాట పాడ్త.”

“తినుకుంటనే పండుకుంటరు.”

బతుకమ్మ పాటలకు అది కాలం కాదు. ఇక నాకు మిగిలింది ఒక్కటే. నిజం చెప్పాలంటే మొదటి నుంచీ నా మనసులో ఉన్నదీ అదే. మనుషులు అన్నం తింటుంటే పాడడానికే పుట్టిన పాట మా దగ్గర ఒకటే ఉంది, బంతి పాట.

పెళ్లిలో మగపెళ్లివాళ్లు వరసగా బంతిలో కూర్చుంటారు. ఆడపెళ్లివాళ్ల ఆడవాళ్లు వెనక నిలబడి వాళ్లను తిడుతూ పాడతారు. వియ్యపురాలి ఆకలిని, పెళ్లికొడుకు మేనమామ ముక్కును, ఎవరినీ వదలరు. తిట్టినకొద్దీ తినేవాళ్లకు ముద్ద దిగాలి. కోపం వచ్చిందా, తప్పు వాళ్లదే. కోపగించిన వియ్యంకుణ్ణి మనవళ్లు పుట్టేదాకా వెక్కిరిస్తారు. మా వాళ్ల పెళ్లిళ్లలో ఆ పాట ఎత్తేది నేనే. నా గరుకు గొంతు ఇంకెందుకూ పనికిరాకున్నా దానికి సరిగ్గా సరిపోయేది. చివరి బంతిలో చివరి మనిషికి కూడా తన తిట్టు తనకు అందేది.

నా మొగుడు పోయాక వచ్చిన మొదటి పెళ్లిలో, అలవాటు కొద్దీ బంతి వెనక నిలబడ్డాను. ఎవరో భుజం మీద చెయ్యి వేశారు. “అక్కా, నువ్వు లోపలికి రా. ఎల్లిపాయలు ఒలిచేటోళ్లు లేరు.” ఆ మాటలో కోపం లేదు, ప్రేమగానే అన్నారు. అప్పటి నుంచి ప్రతి పెళ్లిలోనూ ఎల్లిపాయలే ఒలుస్తున్నాను. బయటి నుంచి పాట వినబడుతుంది. వియ్యంకుడికి ఎక్కడ నొప్పి కలుగుతుందోనని భయం భయంగా, పిల్లిపిల్లలు అరిచినట్టు పాడతారు. నేను లోపల కూర్చుని ఎల్లిపాయలకు సరైన చరణం చెబుతాను.

ఇదంతా ఆ రోజు మరిదికి చెప్పలేదు. మేడం ఇంట్లో పెళ్లి లేదు, పీటలు లేవు, పసుపు కుంకుమ లేదు. తినేవాళ్లు మాత్రం ఉంటారు. లోపలికి రా అక్కా అనేవాళ్లు ఉండరు. నాకు ఆ ఒక్క బంతి కావాలి.

“వద్దంటే వద్దు” అన్నాడు మరిది. “పెద్ద పెద్ద నౌకరీలు చేసేటోళ్లు. వాళ్ల ముక్కుల మీద పాట కడితే పోలీసులను పిలుస్తరు.” ముందు ఆయన తత్వాలు రెండు పాడేటట్టు, తరవాత సంగతి తరవాత చూసేటట్టు ఒప్పుకున్నాం.

శనివారం పోయేసరికి అక్కడ బంతే లేదు. ఒకరు గోడకు ఆనుకుని, ఒకరు మెట్ల మీద, అందరూ పళ్లేలు చేత్తో పట్టుకుని నిలబడే తింటున్నారు. మమ్మల్ని కిటికీ పక్కన చాప మీద కూర్చోబెట్టారు. మరిది కుండ తత్వం ఎత్తుకున్నాడు. బాగానే పాడాడు, అబద్ధం ఎందుకు. కానీ ఈ ఒళ్లు పురుగుల పాలు అనేచోట, కోడి కాలు నోటి దాకా తెచ్చుకున్న ఒక సారు దాన్ని మళ్లీ పళ్లెంలో పెట్టేశాడు. ఒకామె తన పళ్లెం పక్కనున్న ఖాళీ కుర్చీ కిందికి తోసింది. ఈ ఇంట్లో ఎవరైనా పోయారా అని ఇంకొకామె పక్కావిణ్ణి మెల్లగా అడిగింది.

తరవాత యముడు వచ్చి తలుపు తట్టే పాట. యముడు తట్టాడో లేదో, నిజంగానే గంట మోగింది. ఒక్కరూ కదలలేదు. మళ్లీ మోగింది. చివరికి మేడం పోయి తీస్తే, ఐస్‌క్రీం తెచ్చినతను.

మేడం వంగి నా చెవిలో, “అమ్మా, కొంచెం నవ్వుకునేవి ఏమైనా ఉన్నాయా?” అంది. మరిది అది విన్నాడు. అప్పుడే నాకు దండం పెట్టాడు, నేను పైన చెప్పిన జవాబు చెప్పాను.

చెప్పాను కానీ, నోరు తెరిచాక తెలిసింది చిక్కు. ఎవరిని తిట్టాలి? వియ్యాలవారు లేరు. ఇంటివాళ్లు అన్నం పెడుతున్నారు. వచ్చినవాళ్ల ముఖాలు తెలియవు. బంతి పాటకు ఎదుటి మనిషి ఉండాలి, ఆ మనిషిని అనే హక్కు మనకుండాలి. ఆ ఇంట్లో నాకు హక్కున్న మనిషి ఒక్కడే, నా పక్కన డోలక్ పట్టుకుని కూర్చున్నాడు.

ఎత్తాను.

*వద్దు వద్దు అంటడు, వంగి చూస్తడు,*
*బొక్కలే నాకొద్దని బోలె జరుపుతడు!*
*మీసాలకు రంగేసి మురిసి వచ్చిండు,*
*మీద మబ్బు చూసిండు, మొఖం దాచిండు!*

మరిది నా వైపు చూసిన చూపుకు చేపైతే అక్కడే వేగిపోయేది. కానీ వాయించే చెయ్యి ఒకసారి దరువులో పడిందంటే యజమాని మాట వినదు. తన తిట్టుకు తానే, అక్షరం జారకుండా, కళ్లెర్రజేసి డోలక్ కొట్టాడు.

*యముని కతలు చెప్పెటోడు, ఎంత ధైర్యమో!*
*బల్లి మీద పడ్డదంటె బజార్ల ఉన్నడు!*

కోడి కాలు పెట్టేసిన సారు నవ్వు ఆపుకోలేక కింద కూర్చుండిపోయాడు. ఆయన పక్కన ఇంకొకరు, ఆ పక్కన ఇంకొకరు. ఎవరూ చెప్పకుండానే నేల మీద బంతి తయారైంది.

ఇంతలో వంటింట్లోంచి ఒక గొంతు లేచింది. నా గొంతు గరుకైతే అది ముళ్లకంప.

*పాట పాడెటామె నోట్ల పండ్లు ఎన్నున్నయ్?*
*నవ్వబోతె దొడ్డి గేటు తెరిసినట్టున్నది!*
*చేపలమ్మి చేపలమ్మి ఏమి నేర్సింది?*
*నీళ్లు చల్లి నిన్నటిదే నేటిదంటది!*

గంటె చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మేడం వాళ్ల అత్త, పాలమూరు మనిషి. నుదుట బొట్టు లేదు. ఆఫీసువాళ్లు వస్తున్నారని తనకు తానే లోపల ఉండిపోయిందట. మగపెళ్లివాళ్ల పక్షం పుచ్చుకున్నట్టు మా మరిదిని వెనకేసుకొచ్చింది. ఎన్నేళ్లయిందో నన్ను అంత బాగా ఎవరైనా తిట్టి! నేనొకటి అన్నాను, ఆమె రెండు అంది. తినేవాళ్లు అడిగి అడిగి పెట్టించుకున్నారు, బిర్యానీ గిన్నె అడుగు కనబడింది.

మేడం నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “అత్తమ్మా, మీకు ఇవన్నీ వచ్చా?”

“నన్నెవ్వరడిగిన్రు?” అంది ఆమె. నా వైపు తిరిగి, “మళ్ల రా. నీ ముక్కు సంగతి ఇంక ఎత్తనే లేదు” అంది.

మర్నాడు మా తోటికోడలు, అంటే మరిది భార్య, వచ్చింది. “అక్కా, ఆయన అలిగిండు. పది మందిల ఇజ్జత్ తీసినవట.”

“నువ్వేమంటవ్?”

అటూ ఇటూ చూసింది. “మీసం పాట జర ఇంకోపారి పాడు.”

నవ్వుకున్నాం గానీ ఆమె తెచ్చిన కబురు వేరే ఉంది. కూతురి పెళ్లిలో వంటకాడ పెద్దరికమంతా వదినెదే అన్నాడట మరిది. ఆ పెద్దరికమంతా ఎల్లిపాయ పొట్టేనని నాకు తెలుసు. ఎందుకని అడిగితే రెండు మాటలు చెప్పాడట. ఒకటి, పద్ధతి కాదని. అది ఏళ్లుగా వింటున్నదే. రెండోది, కోహెడ వియ్యాలవారు మామిడితోటలున్నవాళ్లు, వదినె నోటికి తట్టుకోలేరని. ఇది కొత్త మాట. అంటే నా బోసి నుదురుకు కాదు, నా నోటికి భయపడుతున్నాడు. నాకు చాలా రోజుల తరవాత దక్కిన మర్యాద అది.

వారం తరవాత, ఇవాళ పొద్దున, ఈ పిల్ల తండ్రితో, “పెద్దమ్మ తిట్టకపోతే మా అత్తగారోళ్లకు బువ్వ ఎట్ల దిగుతది బాపు?” అందట. ఆయన డోలక్ పట్టుకుని అరుగు మీదికి పోయాడట. వెంటనే ఇది కాగితాలు, పెన్ను పట్టుకుని నా దగ్గరికొచ్చింది. “జరిగింది జరిగినట్టు చెప్పు, నేను రాస్త” అని.

నేను అడిగేది ఒక్క బంతి. బంతి వెనక నాలుగడుగుల చోటు. పెళ్లికొడుకు మేనమామను నిశ్చితార్థంలో చూశాను. ఆయన ముక్కు మీద చరణం కూడా కట్టుకున్నాను. ఇక్కడ మాత్రం చెప్పను, వాళ్లు చదివితే పెళ్లినాటికి పాతబడిపోతుంది.

ఇందాకటి నుంచి మరిది వచ్చి మా గుమ్మం పక్కనే కూర్చున్నాడు. కూతుర్ని పిలవడానికి వచ్చినట్టు వచ్చి, పిలవకుండా డోలక్ తాళ్లు బిగించుకుంటున్నాడు.

“బిడ్డా, ఇగ చాలు, పెన్ను పక్కకు పెట్టు. మొదటి నుంచి ఒకపారి చదువు. గట్ల నోట్ల నోట్లనే గాదు, గట్టిగ చదువు. మీ బాపు తాళ్లు బిగించుడు ఆపిండు.”