అల్లం నీళ్లు పొంగిన ఎండాకాలం

మైదుకూరుకి కాపురానికొచ్చిన మొదటి ఎండాకాలం, నేనూ మా తోడికోడలూ ఇంట్లోనే అల్లం సోడా చేయాలనుకున్నాం. దంచిన అల్లం, బెల్లం నీళ్లలో కలిపి జాడీలో పోసి, రోజూ మరికాస్త వేస్తూ వచ్చాం. అది పులిసి బుసబుసా నురగ కక్కింది. వడగట్టి, నిమ్మరసం కలిపి, సీసాల్లో నింపి బిరడాలు బిగించాం.

మర్నాడు మధ్యాహ్నం ఒక బిరడా ఠప్పున ఎగిరి, పడసాలలో కునుకు తీస్తున్న మామగారి పక్కన పడింది. ఆయన లేచి వచ్చి సీసా వాసన చూశారు.

"ఏమ్మా, మద్యనిషేధం ఉండాదని తెలీదా? ఇంట్లోనే సారా కాస్తాండారా?"

"సారా కాదు మామా, అల్లం నీళ్లు," అని తోడికోడలు గ్లాసులో పోసిచ్చింది.

ఆయన గటగటా తాగి, ఇల్లదిరేలా త్రేన్చి, ఖాళీ గ్లాసు చాపారు. "శానా బాగుండాది. ఇంగొంచెం పొయ్యి."

మేమిద్దరం వంటింట్లో దూరి, కొంగులు నోట్లో కుక్కుకుని, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం.