తుపాకీ ముందు కార్డు అడిగిన రోజు

ఆ రోజుల్లో కువైట్‌లో మనిషి కన్నా అతని ఇఖామాకే విలువెక్కువ. ఉండటానికి అనుమతిచ్చే ఆ కార్డు జేబులో లేకపోతే మేమూ లేనట్టే. ఎవరు ఆపినా చూపించడమే తప్ప, ఆపినవాడి కార్డు మనమూ అడగొచ్చని నాకు ఇరవై రెండేళ్ల వయసులో నేర్పింది మా మామా. (ఇంటావిడను అక్కడ అలాగే పిలవాలి. నా ఉత్తరంలో ‘మామా కర్ర పట్టుకుని నడుస్తుంది’ అని చదివి మా మేనమామ వారం రోజులు అలిగాడట.) పోలీసు వేషంలో వచ్చిన దొంగలు పక్కవీధిలో ఒక ఇల్లు దోచుకుపోయాక, ఆయుధంతో ఎవడొచ్చినా ముందు కార్డు చూపించమనాలని ఆమె ఆజ్ఞ. వంటవాణ్ణి కదా, ఆమె చెప్పిన అరబ్బీ వాక్యాన్ని ఉల్లిపాయలు తరుగుతూ వల్లె వేశాను.

ఆ ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. మామా పిల్లలు ఎండాకాలానికని ముందే వేరే దేశం వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలింది డెబ్బై ఏళ్ల ఆమె, నేను, రాయచోటి నుంచి వచ్చిన డ్రైవర్ భాయ్. వీధిలో యూనిఫాం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ తుపాకులు తగిలించుకుని తిరిగేవారు. వాళ్లలో ఎవరు సైనికుడో, ఎవరు దొంగో, ఎవరు ఊరి కోసం పోరాడే కువైటీయో తెలిసేది కాదు. రొట్టెల వరసలో నిలబడ్డవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం కూడా మానేశారు.

ఒక ఉదయం గేటు దడదడలాడింది. తీస్తే ముగ్గురు. ఒంటిమీద మామూలు చొక్కాలు, చేతుల్లో తుపాకులు. ముందున్నవాడిది నా వయసే ఉంటుంది. కారు ఇమ్మన్నాడు. నా నోట్లోంచి మామా నేర్పిన వాక్యం ఒక్క తప్పు లేకుండా బయటికొచ్చింది: “ముందు నీ పోలీసు కార్డు చూపించు.”

వెనక నుంచి భాయ్ నా చొక్కా పట్టి లాగాడు. “యేం అబ్బీ, పిచ్చి గిచ్చి పట్టెనా నీకు? కారు బీగాలు ఇచ్చి పంపీ!”

చిత్రంగా ఆ కుర్రాడు జేబులు తడుముకున్నాడు. ముఖం ఎర్రబడింది. చివరికి నలిగిన కార్డొకటి తీశాడు. మామా వచ్చి దాన్ని కళ్లకు ఆనించుకుని చదివింది. “ఇది పోలీసుది కాదు. నువ్వు పిల్లలకు లెక్కలు చెప్పే పంతులివి. ఇక్కడేం చేస్తున్నావో మీ అమ్మకు తెలుసా?” అంది. (ఇదంతా భాయ్ తర్వాత విడమరిచి చెప్పిందే.) పంతులు తల దించుకున్నాడు. పక్కవాడికి అంత మొహమాటం లేదు. తుపాకీ మడమతో నా దవడ మీద ఒక్కటిచ్చాడు. కారుతో పాటు, నడపడానికని భాయ్‌నూ ఎక్కించుకున్నారు. నేను నెత్తురు ఉమ్ముతుంటే భాయ్ వెనక్కి తిరిగి, “పొయ్యి మింద కూర మాడతాండాది, సూసుకో” అన్నాడు.

ఐదు రోజులు మామా సరిగ్గా అన్నం ముట్టలేదు. ఆ ప్రశ్న అడగకపోయుంటే అని నేను గేటు పక్కనే కూర్చుని నన్ను నేను తిట్టుకున్నాను. ఆరోనాటి మధ్యాహ్నం భాయ్ నడిచొచ్చాడు, చెప్పుల్లేకుండా, పాదాల నిండా బొబ్బలతో. మిగతా ఇద్దరూ నీళ్లకని దిగినప్పుడు పంతులే తలుపు తీసి “యల్లా, పారిపో” అన్నాడట. “నన్ను ఇడిసిపెట్టినందుకు వాణ్ణి వాళ్లు ఇడిసిపెట్టింటారా అబ్బీ?” అని భాయ్ గోడకు తల ఆనించి ఏడ్చాడు. నేను నీళ్లు తెచ్చి అతని పాదాలు కడిగాను.

తర్వాత మేమిద్దరం జోర్డాన్ మీదుగా ఇల్లు చేరాం. ఎంత బతిమాలినా మామా ఇల్లు కదలనంది. ఆమె ఏమైందో మాకు కబురు అందలేదు.

భాయ్ ఇప్పటికీ ఎవరికి పరిచయం చేసినా, “తుపాకి ముందర కార్డు అడిగినోడు, మొగోడంటే ఈయప్ప!” అంటాడు. నేను నవ్వి ఊరుకుంటాను. అప్పటికి నాకు అరబ్బీలో పూర్తిగా వచ్చిన వాక్యం అదొక్కటేననీ, భయంతో అదే నోటికొచ్చిందనీ ఇంతవరకు చెప్పలేదు. చెబితే ఆ కుర్ర వంటవాడు చిన్నబోతాడు. పాపం, వాడికి ఆ ఒక్క పేరైనా ఉండనీ.