సుభద్ర చేనుకి వచ్చిన వంతు

“అక్కా, రేపు చేను తవ్వేస్తున్నారు. పచ్చగా ఉన్నప్పుడు రమ్మంటే రాలేదు, ఎండినదైనా చూసిపో” అని మా చెల్లెలు సుభద్ర ఫోన్ చేసింది. కొల్లేరు వైపు అందరూ పక్షుల్ని చూడ్డానికి వెళ్తారు. నేను ఒక వరిచేను పోతుంటే చూడ్డానికి వెళ్ళాను.

తాడేపల్లిగూడెంలో పొద్దున్నే పాసింజరు ఎక్కితే గంట, గంటంపావులో ఏలూరు. టిక్కెట్టు పెద్ద ఖరీదేం కాదు. సీటు మాత్రం మీ అదృష్టం. నాకు నా తెల్లజుట్టు సంపాదించి పెట్టింది. స్టేషన్ బయట ఇడ్లీ తిని ఆటో ఎక్కాను. ఊరు దాటాక రోడ్డుకి రెండువైపులా చేపల చెరువులే.

“ఇటువైపు వరి ఎక్కడ కనిపిస్తుంది బాబూ?” అన్నాను.

“బియ్యం కొట్లో కనిపిస్తుందండీ” అన్నాడు డ్రైవరు. నాకంటే నోరున్నవాడు.

సుభద్ర చేను గట్టు మీద ‘సుస్థిర సాగులో మా భాగస్వామి’ అని బోర్డు ఇంకా నిలబడే ఉంది. బియ్యం కొనే ఒక పెద్ద ఆహార కంపెనీ తెచ్చిన పథకం అది. వరిలో ఎప్పుడూ నీళ్ళు నిలబెట్టకుండా మధ్యమధ్య ఆరబెట్టి మళ్ళీ పెట్టాలి. నీళ్ళు ఆదా, వాతావరణానికీ మేలు. అబద్ధమేమీ కాదు, కాలువ మొదట్లో ఉన్నవాళ్ళకి బాగానే పండింది. సుభద్రది కాలువ చిట్టచివరి చేను. దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీళ్ళు వంతులవారీగా వస్తాయి. వచ్చిన వంతు పట్టి నిలబెట్టుకుంటేనే చివరివాళ్ళకి పంట. అది తెలిసీ, కంపెనీ చెప్పిన రోజున చేలో నీళ్ళు తీసేసింది.

“ఎందుకే?”

“ఆదర్శ రైతునని అందరి ముందూ శాలువా కప్పారక్కా. ఆ తర్వాత కాదనడం ఎలా?”

తర్వాతి వంతు ఆలస్యమైంది. ఈనడానికి సిద్ధంగా పొట్ట మీదున్న వరి నిలువునా ఎండిపోయింది. సుభద్ర భర్త చేనుని చేపల చెరువుకి లీజుకిచ్చేశాడు.

మేం గట్టు మీద ఉండగానే కంపెనీ ఫీల్డ్ ఆఫీసరు బోర్డు పట్టుకెళ్ళడానికి వచ్చాడు. మర్యాదస్తుడే.

“మా భాగస్వామ్యం ఇంతటితో ఆగదండీ. చేపల రైతులకీ పథకం ఉందండీ” అన్నాడు.

“ఎండిన పంటలో మీ భాగం ఎంతండీ?” అని అడిగాను.

అతను బూట్ల వైపు చూసుకున్నాడు. “అది పథకంలో లేదండీ.”

అప్పుడే కాలువ గట్టు నుంచి ఎవరో “వంతొచ్చిందండోయ్!” అని కేకేశారు. సుభద్ర పార అందుకుని చేలోకి నీళ్ళొచ్చే బోదె వైపు పరుగెత్తింది. ఏళ్ళ తరబడి అలవాటైన పరుగు. మట్టి తీసి మడవ తెరవబోతుంటే, చెరువు తవ్వడానికొచ్చిన పొక్లెయిన్ మీంచి డ్రైవరు అరిచాడు:

“అమ్మా, నీళ్ళొదలకండీ! బండి దిగబడిపోద్ది!”

సుభద్ర ఆగిపోయింది. నీళ్ళు ఆమె కాళ్ళ పక్కనుంచే మురుగుకాలువలోకి వెళ్ళిపోయాయి.

సాయంత్రం తిరిగొస్తూ ఆలోచించాను. కంపెనీ మీద కోపం తెచ్చుకుందామంటే, వాళ్ళు చెప్పింది మంచిమాటే. ఆ మంచిమాట కాలువ చివరిదాకా నడిచి వచ్చి ఒక్కపూట కూర్చోలేదు, అంతే. నేను బయల్దేరేముందు మా చెల్లెలు మాత్రం అన్నం పెట్టి, “ఈ బియ్యం మన చేలోవేనక్కా, కిందటి పంటవి. ఇంకో బస్తానే ఉన్నాయి” అంది. నేను రెండోసారి వడ్డించుకోలేదు.

అటు వెళ్ళేవారికి ఒక సలహా. చెరువుల మధ్య ఎక్కడైనా పచ్చటి చేను కనిపిస్తే అక్కడే ఆటో ఆపించి దిగండి. తిరుగుదారిలో చూద్దాంలే అనుకోకండి.