మైసయ్య వంతు బియ్యం

మా తాత పోయిన కబురు ఎదురింటి పిన్నిగారు ఫోన్లో చెప్పారు. బడిలో ప్రార్థన అప్పుడే అయింది, పిల్లలు తరగతులకు వెళ్తున్నారు. "అమ్మాయ్, తాతగారు వెళ్లిపోయారమ్మా. అరుగు మీద కుర్చీలోనే ఉన్నారు, పేపరు ఒళ్లోనే ఉంది. కునుకు తీస్తున్నారనుకుని పలకరించాను కూడాను" అన్నారావిడ.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. చెప్పాల్సిన మాట చెప్పకుండానే పోయాడే అని. ఆ కోపం ఇంకా ఉంది. అది ఉండగానే ఇది రాస్తున్నాను. చల్లారాక రాస్తే ఆయన్ని దేవుణ్ణి చేసేస్తానని నాకు భయం.

మా తాత సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నల్గొండ జిల్లాలోని ఒక పల్లె నుంచి చిన్నప్పుడే పట్నం వచ్చాడు. చాలాకాలం దిల్‌సుఖ్‌నగర్ వెనక సందుల్లో కిరాయికి ఉండి, తరువాత ఎల్‌బీ నగర్ దగ్గర చిన్న ఇల్లు కట్టుకున్నాడు. బస్సు దిగినా ఆయనలోంచి కండక్టరు దిగలేదు. ఇంట్లో మేము గుమ్మం దగ్గర ముచ్చట పెడితే "జర లోపటికి జరుగుండ్రి, దర్వాజ కాడ నిలవడకుండ్రి" అనేవాడు. పెళ్లికి వెళ్తే బంతిలో ఎవరికి కూర అందలేదో ఆయన కంటికే ముందు ఆనేది. షేర్ ఆటో ఎంత కుదిపినా తను ఏదీ పట్టుకునేవాడు కాదు, మమ్మల్ని మాత్రం "గట్టిగ పట్టుకో" అని ప్రాణం తీసేవాడు.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ అంటే చాలు, గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన పిన్నిగారు తలుపులు బిగించుకునేవారు. తాత పాలప్యాకెట్ పట్టుకుని వెళ్లి ఆ తలుపే కొట్టేవాడు. "అమ్మా, మా కొట్లాట సర్కారుతోటి, మీతోటి కాదు. చాయ్ పెట్టుకోండ్రి" అనేవాడు. "మీరున్నారనే ధైర్యమండీ బాబాయిగారూ" అని ఆవిడ తలుపు తీసేవారు. ఇదీ మా తాతే. నేను చెప్పబోయే పని చేసిందీ ఈయనే.

మా ముత్తాత కథ మాకు ఉగ్గుపాలతో పోశాడాయన. నిజాం కాలంలో ముత్తాత దొర గడిలో వెట్టి చేయనని ఎదురు తిరిగాడట. సంఘంలో చేరి జొన్నచేనులో దాక్కున్నాడట. రోజూ మధ్యాహ్నం దోస్తు ఒకడు సద్దిమూట కట్టుకుని చేనుకు పోయేవాడు. ఒకరోజు ఆ దోస్తే పోలీసులను వెంటబెట్టుకొచ్చాడు. సద్ది విప్పకముందే పట్టుకున్నారు. చేతులు కట్టి ఊళ్లోంచి నడిపిస్తుంటే, సొంత ఇంటి ముందు ముత్తాత ఆగి, కాళ్లకున్న కొత్త కిర్రుచెప్పులు విడిచి, బిడ్డకేసి చూసి, "కొత్తయి, దాచిపెట్టు. ఒచ్చినంక తొడుక్కుంట" అన్నాడు. మళ్లీ రాలేదు.

"ఆ బిడ్డ నువ్వే కదా తాతా?" అని మేమడిగేవాళ్లం. తల ఊపేవాడు. "మరి సద్ది తెచ్చినవాడెవరు?" అంటే, "వాని పేరెత్తితే నోరు ఖరాబైతది" అని పక్కకు తిరిగి ఉమ్మేవాడు.

ఆ ఊరికి మేము ఎన్నడూ పోలేదు. "ఆ మట్టి నేను తొక్క" అనేవాడు. కానీ రిటైరయ్యాక సాయంత్రాలు ఎల్‌బీ నగర్ చౌరస్తాకు నడిచి వెళ్లి, ఆ వైపు పోయే బస్సుల బోర్డులు చదువుతూ నిలబడేవాడు. ఏ బస్సూ ఎక్కేవాడు కాదు. తండ్రి పోయిన చోటంటే ఆ మాత్రం దుఃఖం ఉండదా అనుకునేదాన్ని.

బతుకమ్మ మొదలయ్యే అమావాస్యను మేము పెత్రమాస అంటాం. ఆ రోజు పోయిన పెద్దల పేరుపేరునా విస్తరాకులో బియ్యం, పప్పు, కూరగాయ పెట్టి అయ్యగారికి ఇస్తాం. తాత తన తండ్రి పేరు, తన తాత పేరు, తన ముత్తాత పేరు చెప్పి మూడు వంతులు ఇచ్చేవాడు. తరువాత ఇంకో విస్తరాకు జరిపి "మైసయ్య" అనేవాడు. మైసయ్య ఎవరని ఎవరడిగినా ఒకటే జవాబు, "మనోడే." ఆ వంతులో మాత్రం బీరకాయ ఎప్పుడూ లేతది ఏరి పెట్టేవాడు. ఎవరో దూరపు చుట్టమనుకున్నాం.

నేను టీచరు ఉద్యోగానికి దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్నప్పుడు చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు వెలిగించి, ఉద్యమానికి వచ్చినవాళ్లందరికీ అక్కడే వండి వడ్డించడం. క్లాసులు వదిలేసి మా బ్యాచ్ అంతా పోయింది. మోకాళ్ల నొప్పులని తాత రాలేదు. ఎవరో నా చేతికి మైకు ఇచ్చారు. నేను మా ముత్తాత కథ చెప్పాను. కిర్రుచెప్పుల దగ్గరికి వచ్చేసరికి నాకే ఏడుపొచ్చింది. చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. నా రక్తం ఎలాంటిదో ఆరోజు తెలిసిందని పొంగిపోయాను.

కిందికి దిగగానే, గంజు దగ్గర అన్నం కలుపుతున్న ఒక ముసలమ్మ నన్ను పిలిచింది.

"బిడ్డా, మీదే ఊరు?"

చెప్పాను.

"మీ ముత్తాత పేరేంది?"

"లచ్చయ్య, అవ్వా."

ఆమె చేతిలో గరిటె ఆగింది. నా మొహంకేసి చూసింది. కోపంగా కూడా చూడలేదు.

"లచ్చయ్య సద్ది తెచ్చినోడు బిడ్డా. చెప్పులిడిచింది మా నాయిన, మైసయ్య. నా ముంగటనే ఇడిచిండు. చెదలు పట్టేదాంక దాచిన."

మైసయ్య అన్న పేరు వినగానే నాకింకే రుజువూ అక్కర్లేకపోయింది. ప్రతి పెత్రమాసకూ విన్న పేరే.

ఇంటికి వెళ్లేసరికి తాత అరుగు మీద బీరకాయలు చెక్కు తీస్తున్నాడు.

"మైసయ్య ఎవరు తాతా?"

"మనోడే అన్న గదా."

"ఆయన బిడ్డ చౌరస్తాల అన్నం వండుతున్నది."

కత్తి ఆగింది. "బతికే ఉన్నదా?" అన్నాడు. ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే.

తరువాత తల ఎత్తకుండా చెప్పాడు. "మా నాయిన్ని గడిల కట్టేసిండ్రు. నన్ను తీస్కపోయి ఆయన ముంగట నిలవెట్టిండ్రు. మైసయ్య ఏడున్నడో చెప్తవా, కొడుకును ఇడుస్తవా అన్నరు. మా నాయిన సద్ది కట్టుకోని ముంగట నడిచిండు, ఎనక వాళ్లు నడిచిండ్రు. గంతే. ఊరోళ్లు మమ్ముల ఉండనియ్యలే, పట్నం ఒచ్చినం. నా పానం కోసం చేసిండు బిడ్డా. గది పిల్లలకు ఎట్ల చెప్పాలె?"

"అట్లనే చెప్పాలె."

"చెప్తే ఆయన పేరు మీద మీరు బియ్యం ఇద్దురా?"

"అందుకని మైసయ్య బతుకు గుంజుకోని మీ నాయినకు పెడితివా? తండ్రిని పోగొట్టుకున్న పిల్లకు ఆ కథ ఒక్కటే మిగిలింది తాతా. అది కూడ ఉంచకపోతివి."

ఆయన చెక్కులన్నీ ఏరి ఒక పక్కకు పెట్టాడు. ముత్తాతను నేను అప్పుడే సగం క్షమించాను. కొడుకును ముందు నిలబెడితే ఏ తండ్రైనా ఏం చేస్తాడు? తాతను ఎవరూ గడిలో కట్టేయలేదు. అరుగు మీద కూర్చుని, మనుమరాలి తల నిమురుతూ, తీరిగ్గా అబద్ధం చెప్పాడు. నేను దాన్ని మైకులో ఊరందరికీ చాటాను.

"ఆమె కాడికి పోదాం. నీ నోటితోని చెప్పు" అన్నాను.

"పోదాం తియ్. ఐతారం పోదాం."

అవ్వ ఇల్లు షేర్ ఆటోలో పోయేంత దూరమే. ఎన్ని ఆదివారాలు పోయాయో! ఒకసారి మోకాళ్లు, ఒకసారి వాన, ఒకసారి చుట్టాలు. నేను వెళ్లి కూర్చుని వచ్చేదాన్ని. ఆమె ఆయన్ని తిట్టమని కూడా అడగలేదు. "ఒచ్చి చెప్పుమను బిడ్డా, నలుగుర్ల" అనేది. ఆమెకు కావలసింది ఆ ఒక్కటే.

రాష్ట్రం వచ్చాక మా కాలనీలో సభ పెట్టారు. పోరాడిన కుటుంబాలకు శాలువాలు కప్పుతామన్నారు. నా పాత ప్రసంగం ఎవరికో గుర్తుండి తాత పేరు చేర్చారు. "పోతే నిజం చెప్పు, లేకుంటే పోకు" అన్నాను. "చెప్త బిడ్డా. గీసారి చెప్త" అన్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. ఆ మాట నమ్మి అవ్వను నేనే పిలిచి వెనక వరుసలో కూర్చోబెట్టి, తాతకు చూపించాను.

జరీ అంచు శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. ఆయన అవ్వను చూశాడు, చూసినట్టు నాకు తెలుసు. "మా నాయినకు దండాలు" అని చేతులు జోడించి, వచ్చి కూర్చున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అవ్వ లేచి, కొంగు సర్దుకుని, ఎవరికీ అడ్డం రాకుండా పక్క నుంచి వెళ్లిపోయింది. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ సభలో తెలిసింది.

దాని తరువాత మేమిద్దరం మాట్లాడుకోలేదని కాదు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు "ఓ పంతులమ్మా" అని పిలిచి వీధంతా మిఠాయి పంచాడు. నా కొడుకును బస్సాట ఆడించాడు. నాకు నలుగురిలో నిలబడి మాట్లాడడం నేర్పింది ఆయనే, ఆ ఋణం ఎక్కడికీ పోదు. కానీ ఆయన కథ మొదలుపెట్టబోతే నేను లేచి లోపలికి వెళ్లేదాన్ని. ఆయనకూ తెలుసు. ఆ శాలువాను మాత్రం మళ్లీ ఎన్నడూ భుజాన వేసుకోలేదు. పెత్రమాస నాడు మైసయ్య వంతు మానలేదు.

మొన్న ఆయన్ని అరుగు మీద పడుకోబెట్టాక, బాపు, అంటే మా నాన్న, బీరువాలోంచి ఆ శాలువా తెచ్చి కప్పబోయాడు. నేను పట్టుకుని లాగేశాను.

"ఇది ఆయనది కాదు బాపూ."

"సచ్చినోని మీద గిప్పుడెందుకే పంచాయితి?" అన్నాడు బాపు. ఆయనకు సంగతంతా తెలుసు. నేను వదల్లేదు. మా తాతను తెల్లబట్టతోనే సాగనంపాం.

దినాల నాడు అవ్వ వచ్చింది. నేను పిలవలేదు, కబురు మాత్రం చెప్పాను. గోడ పక్కన కూర్చుంది. అయ్యగారు మూడు తరాల పేర్లు అడిగారు. బాపు చెప్పాడు, వంతులు పెట్టాడు. నాలుగో విస్తరాకులో బియ్యం పోసి, లేత బీరకాయ పెట్టి, ఆగిపోయాడు.

"ఇది ఎవరి పేరున?" అన్నారు అయ్యగారు.

బాపు నాకేసి చూశాడు. తరువాత గోడవైపు తిరిగి, గట్టిగా, వాకిట్లో ఉన్న అందరికీ వినబడేలా అన్నాడు. "మైసయ్య. గీ అవ్వ వాళ్ల నాయిన. మా తాత సద్ది పేరు జెప్పి పట్టిచ్చింది ఈయన్నే. కిర్రుచెప్పులిడిచింది ఈయన."

పిన్నిగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అవ్వ లేచి వచ్చి ఆ విస్తరాకు ముందు కూర్చుంది.

"గీ బియ్యం అయ్యగారికి ఇయ్యకుండ్రి. నేను కొంటవోత."

"కర్మ చేసిన ఇంటి నుంచి బియ్యం తీసుకుపోకూడదమ్మా" అన్నారు అయ్యగారు.

"మా నాయిన ఆ దినం తినకుంట పోయిండు అయ్యగారూ. ఒండి, మా గడప కాడ పెడత."

ఆయన విస్తరాకును ఆమెవైపు జరిపారు. మూట కట్టడానికి బట్ట కావాలంది. నేను లోపలికి వెళ్లి శాలువా తెచ్చాను. అది ఏ శాలువానో ఆమె గుర్తుపట్టింది. కాసేపు అంచు తడిమి చూసి, నేల మీద పరిచి, బియ్యం, పప్పు, బీరకాయ అందులో పోసి, నాలుగు కొసలు కలిపి ముడివేసింది.

బాపు ఆమెను షేర్ ఆటో ఎక్కించాడు. "మూట కింద పెట్టవ్వా, ఇంకొకలు కూసుంటరు" అన్నాడు డ్రైవరు. ఆమె పెట్టలేదు. "సద్ది, కింద పెట్టరాదు" అంది.

రెండు చేతులతో దాన్ని ఒళ్లో పట్టుకుని కూర్చుంది. ఆటో చౌరస్తా వైపు మలుపు తిరిగేదాకా ఆ జరీ అంచు కనిపిస్తూనే ఉంది.